నా అడుగున కోసిన పలక

నేను ఒక ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవను. ఇద్దరు షికారుకు వెళ్ళేంత చిన్నదాన్ని. నా కథకు ముందు ఒక ప్రశ్న తేలాలి: అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? నన్ను గీసిన మైలపల్లి ఎస్తేరుకు జరిగింది. నా పొట్ట కిందే జరిగింది కనుక నాకంటే గట్టి సాక్షి లేదు.

భీమిలిలో భద్రరాజు షెడ్డులో పుట్టాను. ఆయన అంతవరకు ఇంజను బిగించే వేట పడవలే చేయించేవాడు. ఒక రిసార్టు వారు తెరచాప పడవ అడిగితే, నౌకానిర్మాణం చదివిన ఎస్తేరును పిలిపించాడు. ఆమె నా నడుము సన్నగా, ముక్కు ఎత్తుగా గీసింది. పొట్ట మధ్య నీటిలోకి దిగే ఒక నిలువు పలకను పెట్టింది. గాలి పక్కకు నెడితే పట్టి నిలిపి, పడవను ముందుకు నడిపేది ఆ పలకే. అచ్చులో పోసిన రెజిన్ జిగురు వేడెక్కి గట్టిపడుతుంటే, సముద్రం ఎప్పుడెప్పుడా అని నేను ఉవ్విళ్ళూరాను.

వేట పడవలను ఇసుక మీదికి లాగుతారు. అందుకని అడుగున ఏదీ వేలాడకూడదన్నది ఆ తీరపు పద్ధతి.

"ఇదేటమ్మా, పడవకి కాలు మొలిసింది? ఇసకలో దిగడిపోద్ది," అన్నాడు భద్రరాజు.

"ఒడ్డుకొచ్చేటప్పుడు పైకి లాగేస్తామండీ. దాన్ని ముట్టుకోకండి."

ఆమె లేనప్పుడు ఆయన ఆ పలకను సగానికి కోయించాడు. పైనుంచి చూస్తే పలక పిడి తప్ప ఏమీ కనబడదు, అందుకే ఆమెకు తెలియలేదు.

తొలిరోజు, ఊరంతా చూస్తుండగా, నేను పీతలా పక్కకు జారి ఇసుక దిబ్బకు కొట్టుకుని బోర్లాపడ్డాను. "తప్పు గీతలోనే ఉంది," అని భద్రరాజు ఒడ్డంతా వినబడేలా అరిచాడు. ఎస్తేరు రంపపు కోతను చూపించింది. కానీ మనుషుల చెవులు పెద్ద గొంతు వైపే తిరుగుతాయి. ఆపైన ఏ షెడ్డూ ఆమెకు పని ఇవ్వలేదు.

ఏళ్ళ తరవాత నౌకాదళంలో రిటైరైన అచ్యుతరావు తన తెరచాప పడవల క్లబ్బు కోసం, షెడ్డులో మూలపడి ఉన్న నన్ను కొని, పలకను పైకి లాగి చూశాడు. చూసినవాడు నేరుగా ఎస్తేరు ఇంటికి వెళ్ళాడు. ఆమె పూర్తి కొలత పలకతో వచ్చింది, ఒక షరతుతో: భద్రరాజు నాలో తన పక్కన కూర్చోవాలి, ఊరు ఒడ్డున ఉండాలి. నేను మళ్ళీ బోర్లాపడితే ఆమె విద్య శాశ్వతంగా మునిగినట్టే.

"నాకీత రాదమ్మా," అన్నాడాయన, ఊరి ముందు వెనకడుగు వేయలేక ఎక్కుతూనే.

"నాకొచ్చండి. కూర్చోండి."

పలక నీటిలోకి దిగింది. గాలి తెరచాపను నింపింది. నేను ఒరిగాను, కానీ జారలేదు. నా ఒళ్ళంతా ఝుమ్మంది. ఎదురుగాలికే ఏటవాలుగా ఎక్కుతూ, అలలను చీల్చుకుంటూ, తుంపర్లు చిమ్ముకుంటూ దూసుకుపోయాను. ఇందుకే కదా నన్ను గీసింది. భద్రరాజు రెండు చేతులా అంచును కరుచుకున్నాడు. నేను ఇసుక దిబ్బను దాటాక ఆయన పట్టు సడలింది, కళ్ళు పెద్దవయ్యాయి.

ఒడ్డు చేరాక నెమ్మదిగా అన్నాడు: "పలక కోయించింది నానేనమ్మా."

"గట్టిగా చెప్పండి. ఆ రోజు గట్టిగానే అన్నారు."

ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఊరి వైపు తిరిగాడు.

"గీత తప్పు కాదు. కోయించింది నాను. ఇలాంటి పడవ గీయాలంటే ఎస్తేరమ్మే గీయాల."

ఆ గొంతు ఆనాటి గొంతంత పెద్దగానే ఉంది. బాకీ పూర్తిగా తీరింది.