ఎలీసబెత్తమ్మ చెంప

మా చర్చి గోడమీది బొమ్మలో ఎలీసబెత్తమ్మ మరియమ్మ కంటే వయసులో చిన్నది. తనను చూడవచ్చిన మరియమ్మను కావలించుకుని, చెంపకు చెంప ఆనించి ఉంటుంది. బైబిలు ప్రకారం ఎలీసబెత్తమ్మ తల నెరిసిన మనిషి. మా దగ్గర మాత్రం పాతికేళ్ల పడుచు. బయటి ఊళ్లవాళ్లు అది చూసి నవ్వితే నాకు ఒళ్లు మండుకొచ్చేది. ఎందుకంటే ఆ ముఖం మా అమ్మది.

అమ్మ పేరు ఆదెల్. యుద్ధంలో నాన్న జర్మన్ల చెరలో ఉండగా క్షయతో ఎక్కడో కొండల్లోని ఆస్పత్రిలో పోయింది. అక్కడే పూడ్చారు. ఏ గుంటలో పూడ్చారో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. ఉన్న ఒక్క పెళ్లి ఫొటో నాన్నతో పాటు చెరలోకి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి నాకు ఐదేళ్లు. అమ్మ చేతులు గుర్తున్నాయి గానీ ముఖం గుర్తులేదు.

యుద్ధం అయ్యాక చర్చి గోడమీది బొమ్మలు బాగుచెయ్యడానికి ఒక రంగులాయన వచ్చి మా ఇంట్లో దిగాడు. ఎలీసబెత్తమ్మ ముఖం అప్పటికే మసిపట్టి కనపడకుండా ఉంది. సన్నటి కిటికీలోంచి ఎండ ఆ గోడమీద పడే వేళకు నాన్న వెళ్లి, నాలుక బయటపెట్టిన సైతాను చెక్కి ఉన్న స్తంభం కింద బల్లమీద కూర్చునేవాడు. నిచ్చెనమీది ఆయనకు అక్కణ్ణుంచే చెప్పేవాడు.

"ముక్కు ఇంకా చిన్నదయ్యా. అట్లా కాదు, నవ్వొస్తుంటే ఆపుకుంటున్నట్టుండాలి."

ఒక సాయంత్రం నాన్న నోరు మెదపలేదు. రంగులాయన వెనక్కి తిరిగి చూసి, కుంచె దింపి, నిచ్చెన దిగాడు.

మా నాన్న ఎవారిస్ట్‌కు దేవుడి పట్టింపు పెద్దగా లేదు. అయినా పోయేదాకా ప్రతి ఆదివారం ఆ బల్లమీదే కూర్చున్నాడు. ఫాదరుగారు పాపం అది భక్తి అనుకున్నారు. నాన్న పోయాక ఆ చోటు నాదైంది.

పోయిన వసంతంలో పాత బొమ్మలకు వైద్యం చేసే బెరెనీస్ అనే పిల్ల వచ్చింది. వారం తిరక్కుండానే మేయరు రెమీ టోపీ నలుపుకుంటూ మా గుమ్మంలో నిలబడ్డాడు. రెమీ మా చిన్నాన్న కొడుకు.

"అక్కా, ఆ ముఖం తీసెయ్యాలంటున్నారు. కింద అసలుది ఉందంట. ఎనిమిదొందల ఏళ్లనాటిది."

"తీసెయ్యండి. ముందు నన్ను తీసి, తర్వాత దాన్ని తియ్యండి. చర్చి తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుగా?"

"నీతో పెట్టుకుంటే ఎన్నికల్లో ఓడిపోతానక్కా."

"పెట్టుకోకపోయినా ఓడిపోతావు. వెళ్లు."

చర్చికి తాళం వేసి కూర్చున్నాను. నాలుగు రోజులు చూసి బెరెనీసే ఇంటికొచ్చింది. పెట్టిన మేకజున్ను తింటూ నెమ్మదిగా చెప్పింది.

"అర్మాంద్ గారూ, మీరు తాళం తియ్యకపోయినా ఆ ముఖం నిలవదండీ. అది నూనెరంగు. గోడను ఊపిరి తీసుకోనివ్వట్లేదు. పెళుసుబారి ఊడుతోంది, ఊడుతూ కింది పాతదాన్ని కూడా పీకేస్తోంది. ఇట్లాగే వదిలేస్తే రెండూ పోతాయి."

"విడిగా ఊడదియ్యలేవా?"

"చెయ్యి తగిలితే పొడైపోతోందండీ. మీరే వచ్చి చూడండి."

మోకాళ్లు మొరాయిస్తున్నా పరంజా ఎక్కాను. దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికి వెళితే అమ్మ లేదు. ఒక గులాబీరంగు మరక, రెండు నల్లగీతలు, అంతే. నాన్న బల్ల దగ్గర్నుంచి చూస్తేనే అది అమ్మ. మొట్టమొదటిసారి ఆ చెంప తాకాను. గులాబీ పొరొకటి నా వేలికి అంటుకుని వచ్చేసింది. డెబ్బై దాటినదాన్ని, అమ్మ కావాలని అక్కడే వెక్కివెక్కి ఏడ్చాను. ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

"కానియ్యి," అన్నాను చివరికి. "ఆ రంగు తుడిచిన దూది మాత్రం పారెయ్యకు."

"రంగు కరిగించే మందు కంపు కొడుతుందండీ, ఎందుకు?"

"నా గొడవ నాది."

తుడుస్తున్నంతసేపూ నేను నాన్న బల్లమీదే కూర్చున్నాను. కళ్లు పోయాయి, ముక్కు పోయింది, ఆపుకున్న ఆ నవ్వు అన్నిటికంటే చివర పోయింది. కిందినుంచి నుదుటిమీద ముడతలతో ఒక ముసలమ్మ బయటికొచ్చింది. ఇంచుమించు నా ఈడుదే. ఆవిడమీద నాకు కోపమే వచ్చింది. మరియమ్మ చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఆ మెడచుట్టూ ఉంది.

చలి మొదలయ్యాక, పోయినవాళ్లకు పూలు పెట్టే రోజున ఊరంతా చేమంతి కుండీలు పట్టుకుని సమాధుల దగ్గరికి వచ్చింది. నాన్న సమాధి రాయిమీద ఎడమవైపే పేరుంది. కుడివైపు ఖాళీగా వదలమని ఆయనే చెప్పిపోయాడు. ఆ ఖాళీ కింద చెంచాతో మట్టి తవ్వి, గులాబీరంగు దూది అంతా పెట్టి కప్పి, పైన కుండీ ఉంచాను.

"ఏం పాతిపెడుతున్నావక్కా?" అన్నాడు వెనక నుంచి రెమీ.

"మీ పెద్దమ్మని."

రెమీ టోపీ తీశాడు.