నూట నలభై రెండో బనీను

కువైట్లో ఒక్క వానకే రోడ్లు ఏర్లయి కార్లు తేలిన ఏడాది అది. మంగాఫ్‌లో వెంకటేశ్వరి పనిచేసే ఆస్ట్రేలియా వాళ్లింట్లోకి కూడా మోకాలిలోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తోడిపోశాక, సామాన్ల గదిలో బట్టలన్నీ ఉతికెయ్యమంది డయాన్ మేడం. రెండు రోజులుగా వెంకటేశ్వరి ఉతుకుతూనే ఉంది. బీరువాలో పైన, ప్లాస్టిక్ కవరులో ఒక చేతుల్లేని బనీను వేలాడుతోంది. నీలం, తెలుపు చారలది. దానికి నీళ్లు తగల్లేదు గానీ రొమ్ము భాగమంతా ఎండిన మట్టే. ఇంత మురికిని ఎవరు దాచిపెట్టారమ్మా అనుకుని దాన్నీ నానబెట్టింది. బ్రష్ పెట్టి రుద్దింది. మూడో నీళ్లకు గానీ తెల్లచార తెల్లబడలేదు. తీగ మీద ఆరేసి, బాగా వచ్చిందని ఒక నిమిషం నిలబడి చూసుకుంది కూడా.

సాయంత్రం గ్రెగ్ సారు తీగ దగ్గరికొచ్చి పెట్టిన కేకకు, కారు తుడుస్తున్న పెంచల్ గుడ్డ చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. పెంచల్ ఆ ఇంటి డ్రైవరు, వెంకటేశ్వరి మొగుడు.

"ఎంత పని చేస్తివే! ఆయప్ప కడా మ్యాచిలో ఏసుకున్న బనీను అది. ఆ మట్టి ఆయప్ప బతుకే!"

సారు కారులో చెప్పిన కథలు పెంచల్ అన్నం దగ్గర ఆమెకు ఎన్నిసార్లు చెప్పాడో. వాళ్ల దేశం ఫుట్‌బాలట, కోడిగుడ్డులాంటి బంతి, కాలితో తన్నాలి, పిడికిలితో గుద్దాలి. వారమంతా టైర్ల షాపులో పని, శనివారం ఆట. తొమ్మిదేళ్లు, నూట నలభై రెండు మ్యాచీలు, అన్నీ రాష్ట్రం లీగులోనే. దానిపైన దేశం లీగు ఉంది. అక్కడినుంచి పిలుపు ఈ ఏడు వస్తుంది, వచ్చే ఏడు వస్తుంది అని చూసి చూసి మోకాలు చెడగొట్టుకున్నాడు. చివరి ఆట వానలో ఆడాడు. బురదలో పడిలేచి ఆయన కొట్టిన గోలుతోనే వాళ్లు కప్పు గెలిచారు. ఆయనకు మిగిలింది ఆ మట్టే.

"సారీ చెప్పు. యల్లా!" పెంచల్ ఆమె భుజం పట్టుకుని ముందుకు నెట్టాడు. "ఈడ ఉండే ఇఖామా కొట్టేస్తే ఇద్దరం మూట సర్దుకోవాల."

"సారీ సార్" అంది వెంకటేశ్వరి. నోటికి అలవాటైన మాట, అడక్కముందే వచ్చేసింది. దానికే ఆమెకు ఒళ్లు మండింది.

"ఖలాస్! అంతా పోయింది" అన్నాడు సారు, బనీనును ముక్కుకు ఆనించుకుని. సబ్బు వాసన.

గుమ్మంలో డయాన్ మేడం నిలబడి ఉంది. వెంకటేశ్వరికి అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి అంది: "నూట నలభై ఒకటి నేను ఉతికాను, గ్రెగ్. ఆ మట్టి నీకెప్పుడూ గుర్తు రాలేదే."

మేడం లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి వెనక తమ గదిలో పెంచల్ సణుగుడు ఆగలేదు. "ఆయమ్మకేం, దొరసాని. నువ్వు అడిగి ఉతికింటే సరిపోయేది గదా. ఉతికేదానికి గూడా తెలివుండాల." వెంకటేశ్వరి వేళ్ల సందుల్లో బ్లీచికి పగిలిన చోట నూనె రాసుకుంటోంది. పదేళ్లు. ఈ ఇంటి దుప్పట్లు, అంతకుముందు మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంట్లో తొమ్మిదిమంది పొడుగు దిష్‌దాషా అంగీలు, అవన్నీ అయ్యాక గదికొచ్చి ఈయన తెల్లచొక్కా. ఒక్కరోజు ఉతక్కపోతే కనబడుతుంది, రోజూ ఉతికితే ఎవరికి కనబడింది? ఒక వానలో అంటిన మట్టిని కవరులో పెట్టి కాపాడుకుంటారు. పదేళ్ల తన చాకిరీని ఏ కవరులో పెట్టాలి? మట్టి వాళ్లకు బతుకు, దాన్ని వదిలించడం తనకు పని. పైగా తెలివి లేదని మాట.

మూలన బకెట్లో పెంచల్ డ్యూటీ చొక్కా ఉంది. వరదలో కారు నెట్టినప్పటిది, కాలరు దాకా బురద. వెంకటేశ్వరి లేచి దాన్ని తీసి దులిపింది. సామాన్ల గది నుంచి తెచ్చిన ఖాళీ కవరులో జాగ్రత్తగా పెట్టి, మంచానికి ఎదురుగా మేకుకు తగిలించింది.

తెల్లారి పెంచల్ కొయ్య మీద చూశాడు, తీగ మీద చూశాడు. "చొక్కా ఏదే?"

"అదో, ఎదురుగ్గానే ఉండాదే. నీ బతుకు. నేను ముట్టుకోను."

మేకు వైపు చూసి, ఆమె మొహం చూసి, పెంచల్ మేకు దగ్గరికి నడిచాడు. కవరు విప్పి చొక్కా తీసుకుని కుళాయి దగ్గరికెళ్లాడు. సబ్బు కోసం గూట్లో వెతికాడు, కిటికీలో వెతికాడు. సబ్బు ఎక్కడుంటుందో ఈ పదేళ్లలో ఒక్కసారీ చూసినవాడు కాదు. వెంకటేశ్వరి మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. ఆమె చెప్పలేదు. అతను గొంతుక్కూర్చుని ఉత్తనీళ్లతోనే కాలరు రుద్దాడు, పిండాడు, ఆ తడి చొక్కానే తొడుక్కుని కారు తీశాడు.