సద్దు లేని పగలు

అరకులో పెరుగు తోడుకోదు. ఈ సంగతి టూరిజం వాళ్ల పోస్టర్ల మీద ఎక్కడా రాయరు. వరహాలరావు విశాఖపట్నం నుంచి హార్లిక్స్ సీసాలో తోడు తెచ్చుకున్నాడు, గిన్నెకి మంకీ క్యాప్ తొడిగాడు, ఆఖరికి సర్కారు వారి లేజర్ పెట్టె వెచ్చగా ఉంటుందని దాని నెత్తిన పెట్టాడు. తెల్లారేసరికి పాలు పాలే. దేశంలో ఇంత సైన్సుండీ ఏం లాభం అని రోజూ అన్నంలో నీళ్ల మజ్జిగ పోసుకుంటూ బాధపడేవాడు.

ఆయనొచ్చింది మాత్రం పెరుగు కోసం కాదు. కొండలో ఓ పాత సొరంగం, అందులో చుట్టలు చుట్టలుగా వెంట్రుకంత గాజు తీగ. దాంట్లోంచి వెలుగు పంపిస్తే, కొండ పిసరంత కదిలినా ఆ వెలుగు చాడీ చెప్పేస్తుంది. చరియ విరిగేలోపే పసిగట్టొచ్చు. చిక్కేంటంటే లారీ పోయినా చెప్తుంది, మేక గెంతినా చెప్తుంది. అవన్నీ పోగా అడుగున ఒక సద్దు మిగులుతుంది. గాజు తనంతట తను వణికే సద్దు. ఒంట్లో కాస్త వేడున్నంతకాలం గాజైనా వణక్క తప్పదు. అంతకన్నా కిందికి ఎవడూ పోలేడు. ఆ అడుగు తాకాలన్నదే వరహాలరావు ఆశ. తాకిన గ్రాఫు లేకపోతే పరిశోధన పేపరు లేదు, పేపరు లేకపోతే నెలాఖరుకి ప్రాజెక్టు మూత.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే భార్య సుమ ఎత్తుకునేది. "పక్కింటి దేవీప్రసాద్ గారికి ప్రమోషనొచ్చిందండీ. వాళ్లావిడ కరివేపాకు అడగడానిక్కూడా పట్టుచీరే. మీ గాజు ఇంకా వణుకుతూనే ఉందా?"

సొరంగం పక్కనే చిన్న గూడెం. అక్కడి సుక్రుయే సొరంగానికి కాపలా. వాళ్లమ్మ ఈశ్వరమ్మ రోట్లో సామలు దంచితే గ్రాఫుకి పళ్లు మొలిచేవి. కాస్త ఆపమ్మా అని వరహాలరావు బతిమాలబోతే ముసలమ్మ నవ్వేది. "నీ గాజు తీగ పెద్దింటి కోడల్లాగుంది బాబూ. ఏటి ఇన్నా తలనొప్పే!"

పెద్ద బెడద ఇనుపరాయి గూడ్సు బళ్లు. ఓ మంగళవారం పట్టాల పని ఉంది, పగలంతా బళ్లు ఆపేస్తామని రైల్వే వాళ్లు చెప్పారు. వరహాలరావు గూడెంవాళ్లని కూచోబెట్టి చెప్పాడు.

"ఆ ఒక్క పగలూ సద్దుండకూడదు. దంచడాల్లేవు, డప్పుల్లేవు. పెళ్లయినా సరే, చావైనా సరే."

పెళ్లయినా చావైనా అన్నది కొండ కింద ఊళ్లలో ఉండే మనబోటివాళ్లకి ఊతపదం. కేబుల్ టీవీ కుర్రాడితో కూడా అంటాం. గూడెంవాళ్లు మాత్రం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఆనక తలలూపారు.

"మాటిచ్చేం సారూ," అన్నాడు సుక్రు.

మంగళవారం సుక్రు డ్యూటీకి రాలేదు. మాటిచ్చినవాడే ఎగ్గొట్టాడు, వీళ్లింతే అని సణుక్కుంటూ వరహాలరావు సొరంగం బయటి షెడ్డులో కంప్యూటర్ ముందు కూచున్నాడు. గీత దిగింది. ఇంకా దిగింది. కాయితం మీద లెక్కకట్టిన అడుగు మీదికొచ్చి బుద్ధిగా కూచుంది. కుర్చీ కిర్రుమంటుందని ఆయన కళ్లు తుడుచుకోడానికి కూడా కదల్లేదు. మధ్యలో ఒక్కసారి గీత మెత్తగా ఉబ్బింది. గాలై ఉంటుందని ఆ ముక్క కత్తిరించేశాడు.

సాయంత్రం మొదటి గూడ్సు కూతేశాక, స్వీటు పొట్లం పట్టుకుని గూడేనికెళ్లాడు. సుక్రు గుమ్మంలో కూచునున్నాడు.

"అమ్మ పోయింది సారూ. తెల్లారగట్ట."

"అయ్యో! కబురు చెయ్యలేదేం?"

"మీ కాడికొత్తే సద్దవుద్ది కదా."

"మరి… డప్పులు?"

"కొట్టలేదు. ఆడోళ్లు నోట్లో గుడ్డలెట్టుకున్నారు. మీ షెడ్డు పక్క దారే కదా, మోసుకుని మెల్లగా నడిసేం. సావైనా సరే అన్నారు కదా మీరు."

వరహాలరావుకి స్వీటు పొట్లం ఎక్కడ పెట్టాలో తెలీలేదు. స్వెట్టర్లోకి దోపుకున్నాడు.

"ఇప్పుడు కొట్టండి సుక్రూ. మిషన్ ఆపేస్తాను. ఎంతసేపైనా కొట్టండి."

"గడప దాటినప్పుడు కొట్టాల సారూ. ముందెళ్లిన మా పెద్దోళ్లు ఇని, మన మడిసొత్తందని ఎదురొత్తారు. ఇప్పుడు కొడితే, ఇంకెవులొత్తన్నారని సూత్తారు." సుక్రు కొండ వేపు చూశాడు. "అమ్మెళ్లింది ఎవులికీ తెల్దు. ఒక్కర్తే ఎతుక్కోవాల."

మళ్లీ తనే అడిగాడు. "మీ గాజుకి అడుగందిందా సారూ?"

"అందింది."

"పోన్లెండి," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. అదే పెద్ద బాధ.

ఇప్పుడు పేపరు వెళ్లింది. పై దేశం జర్నల్ వాళ్లు తెగ మెచ్చుకున్నారు. ఒక్కటే అడిగారు: మనుషులు కాపురాలుండే చోట ఇంత నిశ్శబ్దం ఎలా సాధించారు, విధానం వివరించండి. వరహాలరావు రాస్తాడు, కొట్టేస్తాడు. రైల్వే వాళ్లు సహకరించారని రాసి పడెయ్యమంటుంది సుమ. అబద్ధమేం కాదు, సహకరించారు. కానీ పెన్ను అక్కడే ఆగిపోతోంది. పేపరు వెనక్కి తీసుకుందామంటే, ముసలమ్మని ఊరికే పంపేసినట్టవుతుంది.

బాబ్బాబు, చదువుకున్నవాళ్లు మీరు. అమ్మా, మీరైనా సరే. ఆ విధానం అన్న చోట ఆయనేం రాయాలో కాస్త చెబుదురూ!