దొర వెంట బాతులు

చెంచమ్మ కుక్క ముందరి కాలు ఒళ్లో పెట్టుకుని తుమ్మముల్లు లాగుతోంది. ముల్లు లోతుగా దిగింది. కుక్క మూలగలేదు సరికదా, తల తిప్పి తడికెల దొడ్డి వైపే చూస్తోంది. లోపల బాతులు ఒకటే గోల.

"ఉండయ్యా దొరా! నీ జనం యాడికీ పోరులే," అంటూ ముల్లు పీకి కాలు కింద పెట్టింది. దొర లేవబోయాడు. వెనక కాళ్లు రాలేదు. రెండోసారికి ఎలాగో లేచి, ఏమీ జరగనట్టు తోక ఊపాడు.

పోయిన కోతలప్పుడు ఇలా లేదు.

విడవలూరు చేలల్లో రాలిన గింజలూ నత్తలూ అయిపోవస్తున్నాయి. తెల్లారితే బాతులను తోలుకుని పెన్న వెంబడి సంగం వైపు ప్రయాణం. రోజుల తరబడి నడక. అంత దూరం దొర నడవలేడు. తడికెలూ గంపలూ మోసే బండి తమ్ముడు మాలకొండయ్యది. "కుక్కను బండెక్కించి ఊరేగించమంటావా అక్కా? చూసినోళ్లు నవ్వరా? ఈడే ఎవురికన్నా ఇచ్చెయ్," అని ఒకటే పోరు.

ఆ ఎవరో ఒకరు జకరయ్య అయ్యాడు. కాలవకు ఇవతల, చర్చి పక్కనే ఆయన ఇల్లు. జపాను యుద్ధంలో బర్మా దాకా పోయొచ్చిన మనిషి. తుపాకి పట్టుకుని కాదులెండి, గరిటె పట్టుకుని. పటాలంలో కుక్కలకు వంట చేసేవాడట. ఆ ముచ్చట మొదలుపెట్టాడంటే ఆయనకు పొద్దే తెలియదు.

"ఒక కుక్కయితే, మెడకు చీటీ కట్టి పొమ్మంటే గుండ్లు పడతా ఉన్నా ఆగేది కాదు చెంచమ్మా. ఇంకోటుండేది, నేల వాసన చూసి కూచునేది. అది కూచుందంటే కింద బాంబు ఉండాదని లెక్క. ఆ కుక్క లేకపోతే ఎంతమంది పోయుందురో! ముందు వాటికి మాంసం, తరవాతే మాకు గంజి. కాలు పోయిన కుక్కను గూడా కూచోబెట్టి మేపినారు. పని చేసినోడికి పింఛను ఉండాలా, వద్దా? నీ దొరను నా కాడ వదిలిపెట్టు. పెరుగన్నం పెడతా."

మంచి మాటే. కాదనడానికి ఏముంది? ఒక రోజు ముందే అలవాటు పడతాడులే అనుకుని, ఆ పొద్దున్నే తీసుకెళ్లి జకరయ్య వసారా స్తంభానికి కట్టేసింది. దొర మొరగలేదు. అలా చూస్తూ కూచున్నాడు. చెంచమ్మ వెనక్కి తిరగకుండా వచ్చేసింది.

బాతులను అవతలి చేలకు మేతకు తోలుతూ నడుస్తుంటే పెనిమిటి మునెయ్య గుర్తుకొచ్చాడు. తలగుడ్డలో చుట్టుకుని ఈ కుక్కపిల్లను తెచ్చింది ఆయనే. కళ్లు తెరిచీ తెరవకముందే బాతుపిల్లల గంపలో పడేశారు. బాతులు మేపే ఇళ్లలో అదే పద్ధతి. ఆ వాసనలో పెరిగిన కుక్క వాటిని కరవదు. దొర ఇంకో అడుగు ముందుకేసి తానూ బాతునే అనుకున్నాడు. నీళ్లు కనబడితే దూకడం, వానొస్తే వాటితో పాటు బయటే నిలబడి తడవడం! మునెయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆయన పోయాక, ఇల్లూ పిల్లలూ లేని ఆడమనిషి, పాపం ఒంటిది అని ఊళ్లలో అమ్మలక్కలు జాలిపడుతుంటే చెంచమ్మకు నవ్వొచ్చేది. ముందు ఇంత మంద, పక్కన దొర. ఒంటరితనానికి చోటెక్కడ? తన బతుకు తనకు బాగానే ఉంది.

కాలవ గట్టెక్కి బాతులు ఆగిపోయాయి.

చెంచమ్మ గడ ఊపింది. అదిలించింది, బతిమాలింది, తిట్టింది. ఒక్కటీ దిగలేదు. మెడలు నిక్కించి వెనక్కి చూస్తున్నాయి. బాతులు నీళ్లకు జంకడమా! ఎవరికైనా చెబితే నమ్ముతారా?

అంతలో జకరయ్య రొప్పుతూ వచ్చాడు. తాడు ఆయన చేతిలో ఉందన్న మాటే గానీ, ఈడ్చుకొస్తున్నది దొర.

"ఏందమ్మా ఈడు! బాతుల అరుపు ఇని వసారా పీకేట్టుండాడు!"

తాడు విప్పగానే దొర కుంటుకుంటూ మంద మధ్యలోంచి పోయి నీళ్లలో దిగాడు. వెనకాలే బాతులన్నీ బిలబిలమంటూ దిగాయి. చెంచమ్మ గడ పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లూ మందను తానే తోలుతున్నాననుకుంది. గడ ఊపింది తను. అవి నడిచింది దొర వెంట.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అన్నా, నీ పింఛనొద్దు. దొర బండెక్కుతాడు. మాలకొండయ్య చోటు లేదంటే గంపలు నేను మోస్తా."

"ఈ సిపాయి పటాలం వదలడులే," అని జకరయ్య నవ్వుతూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అవతలి గట్టున తుమ్మనీడలో సంగటి, చేపల పులుసు చెరిసగం తిన్నారు. దొర ఆకు కూడా నాకేసి, ఆమె మోకాలి మీద తల పెట్టి పడుకున్నాడు. చెంచమ్మ చెవుల వెనక గోకుతూ సంగం సంగతులన్నీ చెప్పింది. మనసు తేలికైంది. చాన్నాళ్ల తరవాత హాయిగా కునుకు పట్టింది.

పొద్దు వాలాక బాతులు వాటంతటవే వచ్చి చుట్టూ చేరాయి. "లే దొరా, పోదాం," అంది. దొర లేవలేదు. ఒంటి మీద చెయ్యి వేసింది. వెంట్రుకలు ఎండకు వెచ్చగానే ఉన్నాయి. కింద ఊపిరి లేదు.

"నా తండ్రీ," అని ఆ మెడ మీద ముఖం పెట్టి ఏడ్చింది. "నిన్ను ఇడిసిపెట్టి పోదామనుకున్నా గదరా! కట్టేసినా గదరా నిన్ను!" కరువుతీరా ఏడ్చాక ముఖం తుడుచుకుంది. చీకటి పడకముందే మంద దొడ్డికి చేరాలి. దొరను రెండు చేతులా ఎత్తుకుని కాలవలో దిగింది. నడుం లోతు నీళ్లు. గడ గట్టు మీదే ఉండిపోయింది. వెనక్కి చూసే పని లేకపోయింది. బాతులన్నీ వస్తున్నాయి.

దొడ్డి దగ్గర మాలకొండయ్య బండి పక్కన నిలబడి ఉన్నాడు. జకరయ్య వచ్చి చెప్పిపోయాడట. "కోపం చెయ్యబాక అక్కా. ఇదిగో, చోటు చేసినా..." అంటూ ఆమె చేతుల్లోకి చూసి ఆగిపోయాడు. పోయి పార తెచ్చాడు.

తెల్లారి బండి కదిలింది. మాలకొండయ్య గంపలన్నీ ఒక పక్కకే సర్ది కట్టాడు. రెండో పక్కన మెత్తగా పరిచిన వరిగడ్డి, దాని మీద మడత నలగని గోనెపట్టా సంగం దాకా అలాగే ఉన్నాయి.