రెండు చేతుల మధ్య జాగా

తెనాలిలో సినిమా బోర్డులు రాసుకునే యోబు బుద్ధి గడ్డి తిని బాపట్ల వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకున్నాడా? మ్యూజియం వాళ్ళు పెట్టిన బొమ్మల ప్రదర్శనలో ఒక్క పటం ముందే మధ్యాహ్నమంతా నిలబడిపోయాడు. తుపానులో మునిగిపోతున్న మనిషి, పైనుంచి చాచిన చెయ్యి, రెండు చేతుల మధ్యా జానెడు జాగా. చూస్తుంటే యోబుకి ఊపిరాడలేదు. ఆ మునిగేవాడికి చిత్రకారుడు తన పక్కింటాయన మొహమే పెట్టాడని అక్కడి సారు చెప్పాడు.

ఇంకేముంది! సొంతూరు రేపల్లెలో తమ చర్చి గోడ మీద నీళ్ళలో మునిగే పేతురునీ, అతనికి చెయ్యి చాచే ప్రభువునీ గీస్తానని యోబు అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ క్యాలెండరు బొమ్మకి గళ్ళు కొట్టి దించడమే అతని పని. ఈసారి పేతురుకి తన తండ్రి లూకా మొహం పెట్టేశాడు. చేతుల మధ్య జాగా కూడా వదిలాడు. తన బొమ్మని చూసి తనకే ముచ్చటేసింది.

తల్లి కృపమ్మ మాత్రం గుండెలు బాదుకుంది.

"ఓరి నీ చేతులు పడిపోను! బతికున్న మనిషిని ఎవరన్నా గోడకెక్కిస్తారంట్రా?"

వాళ్ళ పేటలో మనిషి పోయాకే పటం కట్టించేది. "ఊరుకోమ్మా, నీదంతా చాదస్తం" అని యోబు నవ్వేశాడు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. తొంభయ్యో సంవత్సరం మే నెలలో లూకా నిజాంపట్నంలో కూలికి పడవెక్కి సముద్రం మీదికి పోయాడు. వెనకాలే తుపాను హెచ్చరిక వచ్చింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, ఆ ఒక్కటీ రాలేదు.

పట్టపగలే చీకటి కమ్మింది. పేట జనమంతా చర్చిలో దూరారు. యోబు గోడవైపు చూశాడు. నోరు తెరుచుకుని నాన్న నీళ్ళలో మునిగిపోతున్నాడు. అయ్యో, నా చేతులారా ముంచేశానే అనుకున్నాడు. మూలనున్న సున్నం బాల్చీ లాగి, బొమ్మ చెరిపెయ్యడానికి కుంచె ఎత్తాడు.

కృపమ్మ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"చెరపమాక! చెరిపితే మీ నాన్న మొత్తానికే మునిగిపోతాడు."

"మరి ఏం చెయ్యమంటావే అమ్మా?"

"ఆ రెండు చేతులూ కలుపు."

యోబు కుంచె దించాడు. బాపట్లలో తను నేర్చుకున్నదంతా ఆ జానెడు జాగాలోనే ఉంది. అది మూసేస్తే బొమ్మ చచ్చిపోతుంది. అయినా రంగు కలిపాడు. తల్లి లాంతరు ఎత్తి పట్టుకుంది. పైన పెంకులు లేచిపోతుంటే వేళ్ళ మీద వేళ్ళు వేసి, నమ్మకం చాలక మళ్ళీ మళ్ళీ దిద్దాడు.

గాలి నెమ్మదించాక, ఒళ్ళంతా బురదతో లూకా నడిచొచ్చాడు. పడవ మడ అడవిలో చిక్కుకుందట. చర్చిలోకి రాగానే గోడ చూసి ఆగిపోయాడు.

"మొహం బానే కుదిరింది గానీ, ప్రభువు నా చెయ్యేంట్రా అట్టా నొక్కేశాడు? ఇరిగిపోద్ది!"

"ఇరిగితే ఇరగనీ!" అని బావురుమంది కృపమ్మ.