తరిమే గొంతు

కృష్ణగిరి బస్సు ఎక్కాల్సిన అముద, బ్యాగు భుజాన వేసుకొని కెలమంగలంలో తన పట్టుపురుగుల షెడ్డులోనే నిలబడిపోయింది. కృష్ణగిరిలో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు ఆ రోజే మొదలు. వస్తానని సంఘంలో అందరి ముందూ మాటిచ్చింది. అప్పుడు పురుగుల సంగతి గుర్తుంటే కదా.

పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అవి పొర విడవడాన్నే రైతులు జ్వరమంటారు. ఇది లేచాక వాటి ఆకలికి పగలూ రాత్రీ ఉండవు. భర్త కుమారేశన్ చూస్తే తాపీపనికని సామల్పట్టి పోయి కూర్చున్నాడు. ఆమె కదిలితే ఆకు వేసే దిక్కు లేదు. ఈ పంట చేజారితే మళ్ళీ హోసూరు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాల్సిందే.

అయినా లోపల ఒక గొంతు ఊపిరి సలపనివ్వడం లేదు. 'పురుగులే ఎక్కువైనాయా? రాకపోతే ఇంక నా దగ్గరికి రావద్దు' అంటోంది. బాప్తిస్మం తీసుకొని ఏడాదైనా కాలేదు, దేవుడి గొంతు ఎట్లా ఉంటుందో ఆమెకేం తెలుసు పాపం. గట్టిగా మాట్లాడేది దేవుడే అనుకుంది. ఆ భయంలో, పురుగులు మేపే మనిషి చేయకూడని పని చేసింది. తాను వచ్చేదాకా సరిపోతుందని, కోసిన ఆకంతా ఒకేసారి వాటి మీద కుమ్మరించింది.

ఆమెను తోడు తీసుకుపోవడానికి పాస్టరమ్మ హేమావతి వచ్చింది. పురుగులకు తెగులు సోకకుండా గడప దగ్గర పోసిన సున్నప్పొడిలో కాళ్ళు అద్దుకొని లోపలికి అడుగుపెట్టింది. ఆమె పుట్టిల్లూ పురుగులు మేపిన ఇల్లే.

"ఏందమ్మా ఇది? ఇంతాకు ఏస్తే కింద ఉక్కపోసి చస్తాయి గదా."

"దేవుడు రమ్మంటాడమ్మా. పోకుంటే ఇంక రావద్దంటాడు." అంది అముద.

హేమావతి ఆమె బ్యాగు తీసి పక్కన పెట్టింది. చెంగు దోపుకొని ఆకు తీయడం మొదలుపెట్టింది. అముద కూడా వచ్చి చెయ్యి వేసింది. కింద పురుగులు బాగానే ఉన్నాయి.

"ఆ మాట ముందు యాడన్నా విన్నావా?" అని తీరిగ్గా అడిగింది హేమావతి.

అముద చేతులు ఆగిపోయాయి. విన్నది. బిడ్డకు బాగాలేదని సెలవు అడిగినప్పుడల్లా ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అరిచిన మాటే అది. ఏళ్ళ తరబడి విన్న కేకలను తెచ్చి దేవుడికి అంటగట్టింది తను.

"ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజర్ మాదిరే ఉండాదమ్మా," అంది, ఏడుపులోనే నవ్వొచ్చి.

"ఇంకేమీ వినపడలేదా?"

"పొద్దున్నే మోకాళ్ళేసినప్పుడు ఒకటి తోచింది. 'ఈడనే ఉండు బిడ్డా, నేనూ ఈడనే ఉంటా' అన్నట్టు. నా సోమరితనమే అట్ల అంటాదేమో అనుకొంటిని."

"ఎందుకట్ల?"

"అంత మెత్తగా చెప్పేది దేవుడెట్లయితాడమ్మా?"

హేమావతి మిగిలిన గుప్పెడాకు తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది, "తప్పు చేస్తే ఆయన మందలిస్తాడు. తరమడు మాత్రం. ఇది తెలిసేదానికి నాకూ శానా ఏండ్లు పట్టింది. నువ్వు ఉండు, సంఘంలో నేను చెప్పుకొంటా."

ఆమె ఒక్కతే బస్సుకు వెళ్ళింది. అముదకు గుండె మీది బండ దింపినట్టయింది. పురుగులకు పలచగా ఆకు పరిచి, అక్కడే నేల మీద చతికిలబడింది. "అయ్యా, ఈడనే ఉండావా?" అని అడిగింది. లోపల ఎవరూ కేకలు వేయలేదు. ఇన్నాళ్ళూ ప్రార్థనంటే సంజాయిషీ చెప్పుకోవడమే అనుకున్న మనిషి, ఆ రోజు బిడ్డ సంగతీ మొగుడి సంగతీ ఆయనతో తీరిగ్గా చెప్పుకుంటూ కూర్చుంది.