వేళ్ళక్క

పదకొండో బుట్టను బోర్లించి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేసింది వేళ్ళక్క. మొక్క వేళ్ళ ముద్దతో సహా ఆమె చేతిలోకి జారింది. అందులో మట్టి లేదు. బఠాణీ గింజంత రాతి పలుకులూ, కాస్త బెరడు పొడీ. వెదురుపుల్లతో ఆ పలుకుల్ని రాలుస్తూ మొక్క మెడ దాకా వచ్చింది. మెడ అంటే కాండం ఆగి వేరు మొదలయ్యే చోటు. అక్కడ పుల్ల ఆగిపోయింది. పెన్సిలంత లావు వేరు మీది తొక్క, వదులైన మేజోడు జారినట్టు కిందికి జారి ఉంది. లోపలి కర్ర ఎండి గోధుమరంగు తేలింది.

నిరుడు తను నాటిన ఎనభై పైన్ మొక్కలూ ఎండిపోతుంటే, ఎందుకో చూడ్డానికి విప్పుతోంది. మొదటి బుట్టలోనూ ఇంతే. మూడో బుట్టకే ఆమెకు సంగతి తెలిసిపోయింది. అయినా విప్పుతూనే ఉంది, ఒక్కటైనా ఇలా కాకుండా ఉంటుందేమోనని.

ఆ బోన్సాయ్ తోటలో, ఆ రేకుల షెడ్డులో, ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్నది ఒక్కటే పని, పైన్ పిల్లమొక్కలకు వేళ్ళు తీర్చడం. కొమ్మలు వంచేవాళ్ళు, తీగ చుట్టేవాళ్ళు వేరే. తోట చూడవచ్చినవాళ్ళు కొమ్మల్ని మెచ్చుకుని, కొమ్మల ముందు నిలబడి ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. కింద ఉన్నదాని గురించి ఎవరూ అడగరు. మొలక అగ్గిపుల్లంత ఉన్నప్పుడే దాని తల్లివేరును బ్లేడుతో కోసేస్తుంది వేళ్ళక్క. కోసిన చోట వేళ్ళు పుట్టించే పొడి అద్ది ఇసుకలో గుచ్చుతుంది. తల్లివేరు పోయిన మొక్క, ఎలాగైనా బతకాలన్న కంగారులో, మెడ చుట్టూ పిల్లవేళ్ళు వేస్తుంది. మూడో ఏట వాటిని విప్పి, గొడుగు ఊచల్లా అన్ని వైపులా పరిచి, ఒకదాని మీద ఒకటి ఎక్కినవాటిని తీసేసి, ఒళ్ళంతా కంతలున్న ప్లాస్టిక్ బుట్టలో నాటుతుంది. కంత దగ్గర గాలి తగిలి వేరు కొస ఎండుతుంది. దాని వెనక నాలుగు కొత్తవి పుడతాయి. ఆ చెట్టు నేలను ఎంత దర్జాగా పట్టుకుందో ముప్ఫై ఏళ్ళ తరవాత ఎవరో ఒకరు చూసి ముచ్చటపడతారు.

ఈ పని కళ్ళతో అయ్యేది కాదు. తడి పలుకుల్లో వేరు ఎక్కడుందో, ఎంత లాగితే వస్తుందో, ఎక్కడ ఆగాలో వేలికొసకు తెలియాలి. ఇంకాస్త గట్టిగా పడితే పైన్ వేరు తెగదు, తొక్క ఊడుతుంది. ఊడిన సంగతి అప్పుడు ఎవరికీ కనబడదు. మొక్క నెలల తరబడి పచ్చగానే నిలబడి ఉంటుంది, ఏమీ జరగనట్టు.

ఆమె వేలికొసలకు రెండేళ్ళుగా ఏమీ తెలియడం లేదు. మొదట చిటికెన వేలు, తరవాత దాని పక్కది, ఆపైన అన్నీ. ఆస్పత్రిలో డాక్టరు "వేళ్ళెలా ఉన్నాయమ్మా?" అంటే "ఈ ఏడు బాగానే దిగాయండి, ఒకటి రెండు పక్కదారి పట్టాయంతే" అంది. "మొక్కలవి కాదమ్మా, మీవి" అన్నాడాయన. ఇంట్లో ఆ ముక్క చెబితే ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "రేపటినుంచి జాకెట్టు హుక్కులు నేను పెడతాలే వదినా" అంది. ఇద్దరూ ఒకే ఇంటి ఆడవాళ్ళు. ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న అయిన మనిషి పోయి పదహారేళ్ళు. హుక్కుల మాట అన్న మర్నాటినుంచి రోజూ పొద్దున్నే వీపు వెనక నిలబడి హుక్కులు పెడుతూ, "మానెయ్యరాదూ" అంటుంది ఆడపడుచు. "మానేస్తే నన్నేమని పిలుస్తారే?" అంటుంది వేళ్ళక్క.

పన్నెండో బుట్ట మీద చెయ్యి వేస్తుండగా అమ్మాయిగారు వచ్చింది. తోట పెట్టిన పెద్దాయన కూతురు. వేళ్ళక్క పనిలో చేరినప్పుడు ఈ షెడ్డులోనే బల్ల కింద దూరి ఆడుకునేది. ఇప్పుడు తోటంతా ఆమె చూసుకుంటోంది.

"ఎనభైలో ఎన్ని దక్కుతాయక్కా?"

"చూస్తున్నానండీ."

"చూసేదేముంది, ముంచేశాడు. చలికాలమంతా తడి ఆరనివ్వలేదు. నీళ్ళాయన్ని శనివారంతో మానెయ్యమన్నాను."

నీళ్ళాయన అంటే తోటకు నీళ్ళు పెట్టే మనిషి. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. ఆ కాలు చూసి పది చోట్ల పొమ్మంటే పదకొండో చోటని ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది.

"అతను అంత..." అని మొదలుపెట్టింది వేళ్ళక్క.

"నువ్వతన్ని వెనకేసుకు రాకు. నీ చేతిలోంచి వెళ్ళిన మొక్క ఊరికే చస్తుందా?"

అమ్మాయిగారు వెళ్ళిపోయింది. ఆ మాటకు వేళ్ళక్కకు లోపలెక్కడో హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణమే. మరుక్షణం, అలా అనిపించినందుకు సిగ్గేసింది. నీళ్ళెక్కువై కుళ్ళే వేరు కొసనుంచి నల్లబడుతూ పైకి వస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకోలేనంత కంపు కొడుతుంది. వీటి కొసలు శుభ్రంగా ఉన్నాయి, వాసనా లేదు. చావు మెడ దగ్గర మొదలైంది, నిరుడు ఆమె బొటనవేలూ చూపుడువేలూ పట్టుకున్న చోట. ఆ తేడా పోల్చగల మనిషి ఈ తోటలో ఆమె ఒక్కతే. తను నోరు విప్పకపోతే ఇంకెవరికీ తెలియదు.

మధ్యాహ్నం నీళ్ళాయన అన్నం డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే షెడ్డులోకి వచ్చాడు. కాలు చాపుకుని కూర్చున్నాడు. మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

"అమ్మాయిగారు చెప్పారా అక్కా?"

"ఊఁ."

"నేను రోజూ వేలు పెట్టి చూసే పోశాను. తడుంటే వదిలేశాను. ఒట్టు." డబ్బా పక్కకు జరిపాడు. "అయినా ఏమో. రాత్రంతా అదే ఆలోచించాను. మధ్యలో మా ఆవిడకి ఒంట్లో బాలేక పదిరోజులు పరధ్యానంగా ఉన్నాను గదా. అప్పుడేమన్నా ఒకదానికి రెండుసార్లు పోసేశానేమో. నేనే పోసుంటానక్కా. లేకపోతే ఎందుకు చస్తాయి?"

వేళ్ళక్క బల్ల వైపు తిరిగింది. ఏదో ఒకటి చెయ్యాలని కత్తెర అందుకుని, పక్కనున్న ఎండువేరును పుటుక్కున కత్తిరించింది.

"అక్కా, చెయ్యి!"

"ఏమైంది?"

"నెత్తురు."

చూసుకుంది. చూపుడువేలి కొస తెగి, బల్ల మీది పలుకులు నాలుగైదు ఎర్రబడ్డాయి. ఆమెకు తెలియనే తెలియలేదు. నీళ్ళాయన ఆ వేలిని చూశాడు, ఆమె మొహాన్ని చూశాడు, తరవాత బల్ల మీద తొక్క ఊడి పడి ఉన్న వేళ్ళను చూశాడు. ఆరేళ్ళు మొక్కల మధ్య తిరిగిన మనిషి. తప్పు ఎవరిదో అతనికి నెమ్మదిగా అర్థమైంది. వేళ్ళక్క కళ్ళు దించుకుంది. ఇప్పుడు అరుస్తాడు అనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

అతను జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చాడు.

"కట్టుకో అక్కా. మట్టి చేరితే చీము పడుతుంది," అని, తినని డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆఫీసు గది షెడ్డునుంచి నలభై అడుగులు. వేళ్ళక్క ఆ నలభై అడుగులూ ఎలా నడిచిందో ఆమెకు గుర్తులేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళకుండానే చెప్పేసింది.

"నీళ్ళ వల్ల కాదండీ. నా చేతుల వల్ల."

అమ్మాయిగారు తలెత్తింది. రుమాలు కట్టిన వేలిని వేళ్ళక్క ముందుకు చాపింది. "ఇందాక తెగింది. నీళ్ళాయన చెప్పేదాకా తెలియలేదు. నిరుడు ఆ ఎనభై మొక్కల వేళ్ళూ ఈ చేతులతోనే పరిచాను. తొక్కలు ఊడిపోయాయి."

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"రెండేళ్ళయింది."

"రెండేళ్ళు!" అమ్మాయిగారు లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. "ఒక్క మాట చెప్పాలిగదా. నేనేమన్నా పరాయిదాన్నా? పొద్దున నీ ఎదుటే అతన్ని మానెయ్యమన్నానని చెప్తే, వింటూ నిలబడ్డావు." కిటికీ వైపు తిరిగింది. "నాన్న లేకపోవడమే మంచిదయింది."

వేళ్ళక్క గుమ్మం పట్టుకుని నిలబడింది.

అమ్మాయిగారే మళ్ళీ అంది. "అతన్ని ఉండమంటాను. నువ్వు... పేరు చీటీలు రాసే పని చూసుకో."

"వద్దండీ. కలం కూడా జారిపోతోంది. నిరుటికి ముందేడు చేసిన మొక్కలు ఇంకో వంద ఉన్నాయి. అవీ ఒకసారి విప్పించి చూడండి. నాతో కాదు, చెయ్యి తిరిగిన మనిషితో."

"నేనిప్పుడు ఎవర్ని తేను?" అంది అమ్మాయిగారు, కోపంగానో, దిగులుగానో.

వేళ్ళక్క షెడ్డులోకి తిరిగి వచ్చి మిగిలిన బుట్టలు విప్పింది. పని పెట్టుకున్నాక మధ్యలో వదిలే అలవాటు లేదు. పొద్దు వాలేవేళకు యాభై మూడో బుట్టలో ఒక మొక్క దొరికింది. మెడకు ఒక వైపు అంతా చచ్చింది. రెండోవైపు మూడు వేళ్ళు బతికే ఉన్నాయి, కొసల్లో తెల్లగా. చచ్చినవాటిని కోసేసింది. బతికిన మూడింటినీ మునివేళ్ళతో ముట్టుకోలేదు. పుల్లతోనే ఎడం చేసి, తడిగుడ్డ కప్పింది. ఖాళీ అయిన వైపు ఇంకో మొలకను తెచ్చి అంటు కడితే, రెండేళ్ళలో దాని వేరు దీనిదవుతుంది. ఇలాంటివి ఎన్నో కట్టింది. కాసేపు బ్లేడు వంక చూసి, తీసుకోలేదు. సొరుగులోంచి సుద్దముక్క తీసింది.

చివరి బుట్ట దాకా విప్పింది. అలాంటిది ఇంకొకటి దొరకలేదు. బల్ల తుడిచి, చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి నీళ్ళాయన కుళాయి దగ్గర గొట్టం చుడుతున్నాడు.

"అమ్మాయిగారు పిలిచారు నన్ను," అన్నాడు. "ఉండమన్నారు."

"మంచిది."

"మరి నువ్వక్కా?"

"ఇంటికి."

"రేపు?"

"రుమాలు ఉతికి పంపిస్తాలే," అని నడిచింది వేళ్ళక్క. గేటు గడియ వేళ్ళకు చిక్కలేదు. మణికట్టుతో ఎత్తి, భుజంతో తోసుకుని వెళ్ళింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా అతను గొట్టం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

షెడ్డు మూయడానికి వెళ్తే బల్ల మీద ఒక్క మొక్కే ఉంది. కప్పిన గుడ్డ ఆరుతోంది. అతను దోసిట్లో నీళ్ళు తెచ్చి, గుడ్డ మీద మాత్రమే పడేలా చుక్క చుక్కగా వదిలాడు. మొక్క మెడ మీద, వేరు లేని వైపు, అంటు కట్టవలసిన చోట, సుద్దతో పెట్టిన చిన్న తెల్లటి గుర్తు.